వార్తయు గృహిణియు

పూర్వులు రాజులు నేర్వదగిన విద్యలను నాలుగుగా చెప్పిరి: ఆన్వీక్షికి, త్రయి, వార్త, దండనీతి. ఇందు మూడవదగు వార్త యనగా ఊరి కబురు కాదు. సేద్యము, పశుపాలనము, వర్తకము, అనగా లోకము బ్రతుకుటకు వలయు వృత్తి. సంస్కృతమున ఆ పదమునకే సమాచారమను అర్థమును గలదు. తెలుగున నేడు ఈ రెండవ యర్థమే నిలిచినది. బ్రతుకుతెరువును, కబురును ఒకే మాటతో చెప్పుట నిఘంటువు చూచువారికి వింతగా తోచవచ్చును. సముద్రపుటొడ్డున కాపురమున్న మాకు తోచదు. వార్త వేళకు వచ్చిన నాడు పడవ ఒడ్డున నుండును, పడవవాడు ఇంట నుండును. రాని నాడు రెండును ఉండవు.

పత్రిక, రేడియో, చలనచిత్రము, టెలివిజను, అరచేతిలోని సెల్‌ఫోను, వీనినన్నిటిని నేడు ప్రసార మాధ్యమములని ఒక్క పేరున పిలుచుచున్నారు. ఇవి లోకమును బాగుచేసినవని కొందరు పొగడుదురు. చెరచినవని కొందరు తెగడుదురు. ఆ వాదములు అరుగుల మీది ప్రసంగములకు బాగుగనే యుండును. ఇల్లు నడపు స్త్రీకి కావలసిన ప్రశ్నలు వేరు. ఇంటికి వచ్చిన మాటలలో దేనిని నమ్మి, పొయ్యి ఆర్పి, పిల్లలను చంకనెత్తుకొని బయలుదేరవలెను? దేనిని విని ఊరకుండవలెను? దేనిని పొరుగింటికి చెప్పవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుట కొఱకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఉదాహరణములను దూరదేశములనుండి తేబనిలేదు. మన తీరమున వీచిన గాలులే చాలును.

వంశధార సముద్రమున కలియు చోట నున్న కళింగపట్నము ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఆ వర్తకము పోయినను దీపస్తంభమును, రేవు పేరును నిలిచినవి. బంగాళాఖాతమున గాలి సుడి తిరిగినప్పుడు “కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము, కాకినాడ రేవులలో ఇన్నవ సంఖ్య ప్రమాద సూచిక” అను మాట మనమందరమును వినుచుందుము. అయితే ఆ సంఖ్యలకు అర్థమేమో అడిగి తెలిసికొన్నవారు మనలో ఎందరు? భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. అంతకు పదునొకండు సంవత్సరములకు ముందు, 1864లో, కలకత్తాను ముంచిన ఘోరమైన తుఫాను అట్టి శాఖ యొకటి కావలెనని పాలకులకు తెలియజేసిన కారణములలో నొకటి. రేవులలో పగలు స్తంభమునకు గుర్తులు కట్టియు, రాత్రి ఎఱ్ఱని తెల్లని దీపములు వెలిగించియు ఓడలవారికి గాలి సంగతి తెలుపుట పాత ఏర్పాటు. చదువు రాని నావికుడును దూరమునుండి చూచి తెలిసికొనగల అక్షరమాల యది.

ఒకటవ సంఖ్యయు, రెండవ సంఖ్యయు తుఫాను దూరముగా సముద్రమున నున్నదని చెప్పును. అవి రేవు విడిచి పోవు ఓడలకు హెచ్చరికలు. మూడును, నాలుగును రేవునకే గాలి తాకుడు కలుగవచ్చునని చెప్పును. అయిదు మొదలు ఏడు వరకు అపాయము. ఎనిమిది మొదలు పది వరకు మహాపాయము. ఈ మూడేసి సంఖ్యలలో భేదము బలమును బట్టి కాదు, దారిని బట్టి. తుఫాను రేవునకు ఈ ప్రక్కగా పోవునా, ఆ ప్రక్కగా పోవునా, లేక రేవు మీదుగనే పోవునా అనునది ఆ సంఖ్యలు తెలుపును. కావున అయిదు వినబడినప్పుడు “ఇంకను ఏడు కాలేదు గదా” యని నింపాదిగా కూర్చుండుట తగదు.

పదునొకండవ సంఖ్య మిక్కిలి విచిత్రమైనది. వాతావరణ కేంద్రముతో సంబంధము తెగిపోయినది, కబురు రాకున్నది, అయినను స్థానికాధికారి ప్రమాదము కలదని తలచుచున్నాడు, అని దాని భావము. వార్త రాకపోవుటయే యొక వార్త యని గుర్తించి దానికొక గుర్తు నేర్పరచిన పూర్వుల దూరదృష్టిని మేము మెచ్చుకొనకుండలేము. ఎందుకనగా ఈ కాలమున మనకు వచ్చు పెద్ద అపాయములలో నిది యొకటి. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము వద్ద తీరము దాటినప్పుడు సెల్‌ఫోను స్తంభములు కూలినవి, విద్యుత్తు పోయినది, అంతటి మహానగరమే చీకటిలో మునిగినది. విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలును ఆ పాటు పడినవి. అరచేతిలో లోకమంతయు నున్నదని మురిసినవారికి అరచేయి మాత్రమే మిగిలినది. అట్టి వేళ ఇంటనున్న చిన్న రేడియో, దానికి వేయ రెండు బ్యాటరీలు, కొండంత అండ. మద్రాసున 1938లోను, విజయవాడలో 1948లోను, విశాఖపట్నమున 1963లోను వెలసిన ఆకాశవాణి కేంద్రములు ఇట్టి దినములలోనే తమ విలువను చూపును. రేడియోను మూలబడవైచిన ఇండ్లవారు దానిని దులిపి, పలుకుచున్నదో లేదో చూచుకొనుట మంచిది.

హెచ్చరిక యున్నంతమాత్రమున చాలదు. అది గుడిసె గుడిసెకును చేరవలెను, చేరి మనుష్యులను కదలింపవలెను. 1977 నవంబరు 19వ తేదీని కృష్ణా తీరమున దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది, అంతకు మించియు, ప్రాణములు కోల్పోయిరి. నాడు తుఫాను వచ్చుచున్నదను మాట లేకపోలేదు. ఆ మాట పల్లె పల్లెకు పోయి, రానున్నది గాలి మాత్రమే కాదు, సముద్రమే యని బోధపరచి, జనులను మెరకలకు చేర్చునంతటి ఏర్పాటు లేకపోయెను. 2013 అక్టోబరు 12వ తేదీని మనకు పొరుగున గోపాలపూరు వద్ద ఫైలిన్ తీరము దాటినది. అది గంటకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన గాలితో వచ్చినది. కాని అప్పటికే ఒడిస్సాలోను, మన తీరమునను సుమారు పది లక్షలమందిని ముందుగనే తరలించిరి. చనిపోయినవారి సంఖ్య పదులలో నిలిచిపోయినది. ఈ ముప్పదియాఱేండ్లలో సముద్రము మెత్తబడలేదు, గాలి చల్లబడలేదు. మారినవి కొన్ని: ఆకాశమునుండి మేఘములను చిత్రించు ఉపగ్రహములు, తుఫాను ఆశ్రయ భవనములు, గ్రామాధికారుల సిద్ధపాటు, వీనితోపాటు ఇంటింటికి చేరిన వార్త. ప్రసార మాధ్యమములు మానవునకు ఏమి మేలు చేసినవని అడుగువారికి ఈ రెండు సంఖ్యలను చూపిన చాలును.

వార్త అసలే లేని దినము నొకటి మనమెఱుగుదుము. 2004 డిసెంబరు 26వ తేదీని సునామి వచ్చినప్పుడు హిందూ మహాసముద్రమంతటికి ముందుగా హెచ్చరించు ఏర్పాటే లేదు. సుమత్రావద్ద భూమి కదలిన పిమ్మట మన తూర్పుతీరమునకు అల చేరుటకు సుమారు రెండుగంటలకు పైగా పట్టినను, ఆ రెండుగంటలు ఎవ్వరికిని ఉపయోగింపలేదు. తరువాత 2007లో హైదరాబాదున భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రమున సునామి హెచ్చరిక కేంద్రము నెలకొల్పబడినది. ఆ సంస్థయే చేపలు దొరకు తావులను గూర్చియు, అలల పోటును గూర్చియు మత్స్యకారులకు సమాచారము పంపుచున్నది. వార్త యను పదపు రెండర్థములును ఇచ్చట మరల నొక్కటైనవి.

ఇక వార్తలలో వచ్చు మాటల సంగతి. అల్పపీడనము, వాయుగుండము, తుఫాను అను పేర్లను మనము పర్యాయపదములవలె వాడుచుందుము. శాస్త్రజ్ఞులకు అవి మెట్లు. సుడిగాలి వేగము గంటకు 31 కిలోమీటర్లకు లోబడినంతవరకు అల్పపీడనము. 31 మొదలు 49 వరకు వాయుగుండము. 50 మొదలు 61 వరకు తీవ్ర వాయుగుండము. 62 మొదలు 88 వరకు తుఫాను. 89 మొదలు 117 వరకు తీవ్ర తుఫాను. ఆపైన మఱింత తీవ్రములగు మెట్లు. రంగులకును అర్థము గలదు. పసుపుపచ్చ రంగు కనిపెట్టియుండుడని, నారింజరంగు సిద్ధపడుడని, ఎఱుపు వెంటనే పూనుకొనుడని చెప్పును. వంటయింటిలో పాలు కాగుటను, పొంగుటను, విరుగుటను వేరువేరుగా గుర్తింపగల స్త్రీకి ఈ భేదములు కష్టములు గావు.

పేర్ల విషయమును ఇచ్చటనే చెప్పుదుము. మన ప్రక్క సముద్రములలో పుట్టు తుఫానులకు 2004 మొదలు పేర్లు పెట్టుచున్నారు. తీరదేశములు తలకొక పట్టిక ఇచ్చును, వరుస ప్రకారము పేర్లు వచ్చును. హుద్‌హుద్ అనునది ఒమాను దేశమిచ్చిన పక్షి పేరు. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమున తీరము దాటి ఉద్దానమును చదును చేసిన తిత్లీ యనగా సీతాకోకచిలుక. 2021 సెప్టెంబరు 26న మా కళింగపట్నమునకు ఉత్తరముగా తీరము దాటిన గులాబ్ యనగా గులాబిపువ్వు. ఈ రెండు పేర్లును పాకిస్తాను ఇచ్చినవి. పువ్వులు, చిలుకలు అను పేర్లు విని గాలి మెత్తనిదనుకొనరాదు. పేరు గుర్తుంచుకొనుటకే; బలము సంఖ్యలో నున్నది.

వార్త యొక్క భాషను గూర్చి మఱియొక మాట. వంశధార తీరమున ముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు, ప్రజల నోట నున్న తెలుగులోనే చదువు చెప్పవలెనని జీవితమంతయు పోరాడిరి. కావ్యములు చదివి పెరిగిన మాబోటివారికి గ్రాంథికమునందే చేయి ఆడును. పత్రికలో వ్యాసమునకు అది శోభించును. కాని ప్రాణములు కాపాడవలసిన మాట విషయమున పంతులుగారి పక్షమే మా పక్షము. “అల్పపీడనము ఘనీభవించి వాయవ్యదిశగా పయనించును” అనుటకంటె “రేపు రాత్రి సముద్రము ఊరిలోనికి వచ్చును, ఈ రోజు చీకటి పడకమునుపే బడికి పొండి” అనుట మేలు. హెచ్చరిక మత్స్యకారవాడలోని ముసలమ్మకు అర్థము కానిచో తప్పు ముసలమ్మది గాదు.

ఇంతవరకు గుణములు చెప్పితిమి. దోషములు చెప్పకున్న వ్యాసము వ్యాపార ప్రకటన యగును. మొదటి దోషము ఆర్భాటము. టెలివిజను సంస్థలకు చాలవరకు రాబడి ప్రకటనలవలన వచ్చును. ఎందరు చూచుచున్నారను లెక్కను బట్టి ప్రకటనల వెల యుండును. భయపడినవారు తెఱయెదుట నుండి లేవరు. కావున కొందరు గంటకొకమారు చెప్పిన చాలు మాటను నిమిషమునకొకమారు, ఎఱ్ఱని అక్షరములతో, మృదంగధ్వనులతో చెప్పుదురు. గతమున కూలిన చెట్లను మరల మరల కూల్చి చూపుదురు. ఒక్కొక్కప్పుడు తుఫాను దారి మార్చుకొని పోవును. అప్పుడు జనులు “ఇంత చెప్పిరి, ఏమియు రాలేదు” అని నవ్వి, మఱునాటి హెచ్చరికను పెడచెవిని బెట్టుదురు. “నాన్నా, పులి!” యను కథలో తప్పు అబద్ధమాడిన పిల్లవానిది. ఇచ్చట శాస్త్రజ్ఞుడు అబద్ధమాడలేదు. పులి నిజముగనే వచ్చి, ఊరి పొలిమేరను చూచి, మఱియొక దారిని పోయినది. ఖాళీగా పోయిన హెచ్చరికకు సంతోషించి, తరువాతిదానికి మరల మూట గట్టుకొనవలెను. ఆశ్రయ భవనమున నిద్రలేకుండ గడపిన ఒక రాత్రి, ఏ ఇంటి లెక్కలోనైనను, నష్టము క్రింద వ్రాయదగినది గాదు.

రెండవ దోషము వదంతి. 2018లో పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను అసత్యవార్త ఫోనుల మీద దేశమంతట ప్రాకి, ఏ పాపమెఱుగని బాటసారులు పలుచోట్ల జనుల చేత దెబ్బలు తిని మరణించిరి. తెలుగుదేశములోను ఆ వెఱపు ప్రాకినది. ఆ యేడు జూలైలో వాట్సాప్ వారు మన దేశమున ఒక సందేశమును ఒకేమారు అయిదు చోట్లకు మించి పంపరాకుండ కట్టడి చేసిరి. 2020లో, అనేకమారులు చేతులు మారిన సందేశమును ఒక్కమారు ఒక్కచోటికే పంపవచ్చునని దానిని మఱింత బిగించిరి. అట్టి సందేశముపై జంటబాణపు గుర్తు కనబడును. ఆ గుర్తు “ఇది ఎవ్వరి మాటయో తెలియదు” అని చెప్పుచున్నట్లు భావింపుడు. పిల్లలను గూర్చిన భయము తల్లి గుండెను తాకును గనుక, అట్టి సందేశమును అందఱికంటె ముందుగా పంపునది తల్లియే యగుట గలదు. ప్రేమవలన కలుగు తొందరను ఆపుకొనుట కష్టము. ఆపుకొనకున్న ఎవరో యొక తల్లి బిడ్డ దారిలో దెబ్బలు తినును.

ఈ విషయమున మన పురాణేతిహాసములలో రెండు ఘట్టములు మిక్కిలి ఉపయోగకరములు. అశోకవనమున సీతాదేవి పదినెలలుగా ఒక్క కబురు కొఱకు వేచియున్నది. హనుమంతుడు వచ్చి రామదూత నన్నాడు. అంత ఆకలితోనున్న ఇల్లాలు ఆ మాట చెవిని బడగనే నమ్మవలసినది. ఆమె నమ్మలేదు. రావణుని మాయ యేమో యని శంకించినది. రాముని రూపమును, గుర్తులను చెప్పుమన్నది. నరులకును వానరులకును స్నేహమెట్లు కుదిరెనని అడిగినది. అన్నిటికిని సరియైన సమాధానము వచ్చి, ఉంగరము చేతబడిన పిమ్మటనే ఆనందించినది. వచ్చిన వార్త మనము కోరుకొన్నదే యైనప్పుడు పరీక్ష మఱింత గట్టిగా నుండవలెనని ఆ తల్లి మనకు నేర్పినది. ఆ హనుమంతుడే తిరిగి పోయి రాముని ఎదుట నిలిచి సముద్రలంఘనమును, లంకాదహనమును ముందు వర్ణింపలేదు. సీతను చూచితి నను మాటనే ముందు చెప్పినాడు. వార్త చెప్పువారందఱును నేర్వవలసిన పద్ధతి యది.

రెండవ ఘట్టము ద్రోణునిది. ఆయన తన కొడుకు మరణవార్తను ఊరివారి మాటపై నమ్మలేదు. అసత్యమాడనివాడని పేరుపొందిన ధర్మరాజును అడిగినాడు. అనగా ఎవరిని అడుగవలెనో వారినే అడిగినాడు. అయినను చచ్చినది ఏనుగను మాట కోలాహలమున వినబడలేదు, సగము వాక్యమే చెవిని బడినది, విల్లు జారినది. కావున చెప్పువాడు పెద్దమనిషి యగుట యొక్కటియే చాలదు. చెప్పినది పూర్తిగా విన్నామా యని చూచుకొనవలెను. నేడు పెద్దల మాటలనే ముక్కలుగా కోసి, ముందువెనుకలు లేకుండ చూపు చిత్రములు వచ్చుచున్నవి. పాతయేటి వరద చిత్రమును నేటిదని చూపుటయు నిట్టిదే. చిత్రము నిజమే, తేదీ అబద్ధము. ఇది కూడ కుంజరపు మాటవంటిదే.

ఇన్ని దోషములున్నవని స్త్రీలు పత్రికను మూసివేసి కూర్చుండవలెనని మా యభిప్రాయము గాదు. మన ఆడువారికి అక్షరము వలన వచ్చిన మేలు చిన్నది గాదు. వీరేశలింగము పంతులుగారు 1883లో “సతీహితబోధిని” స్థాపించిరి. 1902లో ఏలూరున “హిందూసుందరి” బయలుదేరినది. స్త్రీలే దానికి సంపాదకులై నడపిరి. పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు “సావిత్రి”ని నడపిరి. 1928లో మద్రాసున కేసరిగారు “గృహలక్ష్మి”ని ఆరంభించిరి. గడప దాటని స్త్రీ తన బాధను మఱియొక ఊరి స్త్రీ వ్రాసినట్లు చదివి, “ఇది నా యొక్కదాని కర్మము గాదు” అని తెలిసికొన్నది ఈ పత్రికల వలననే.

ఆ మాటకు గొప్ప నిదర్శనము నెల్లూరు జిల్లా దూబగుంట. అచ్చటి స్త్రీలు సారా అంగడిని ఊరనుండి వెళ్లగొట్టిన వృత్తాంతము అక్షరాస్యతోద్యమపు వాచకమున పాఠమైనది. రాత్రిబడులలో అక్షరములు కూడబలుకుకొనుచు ఆ పాఠమును చదివిన ఇతర గ్రామముల స్త్రీలు “వారు చేసినది మనము చేయలేమా” యని లేచిరి. 1992లో ఉద్యమము జిల్లా దాటినది. పత్రికలు దానిని మోసినవి. 1974లో విశాఖపట్నమున పుట్టిన “ఈనాడు” దినపత్రిక ఆ పోరాటమునకు ప్రత్యేకముగా పుటలు కేటాయించినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. అనంతరము మద్యవిధానములు పలుమారులు మారినవి. ఆ కథ వేరు. కాని బడి పుస్తకములోని యొక పాఠము, పత్రికలోని యొక పుట, కూలి స్త్రీల చేతులలో ఎంత బలమైన ఆయుధములగునో దేశమంతయు చూచినది.

మన జిల్లాలోనే చూడుడు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మున్నగు ఉద్దానపు మండలములలో మూత్రపిండముల వ్యాధి ఇండ్లకిండ్లను కూల్చుచుండగా, మొదట నది ఏ యింటి దుఃఖము ఆ యింటిదిగనే యుండెను. పత్రికలు, టెలివిజనులు ఏండ్లతరబడి వ్రాసి చూపగా అది ఊరి దుఃఖమై, రాష్ట్రపు దుఃఖమైనది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును ఆసుపత్రియు, ఆ ప్రాంతమునకు వంశధార నీటిని తెచ్చు త్రాగునీటి పథకమును ఆరంభింపబడినవి. వ్యాధి కారణమును శాస్త్రజ్ఞులు ఒక్కమాటగా తేల్చలేదు. పని ముగియలేదు గనుక వ్రాతయు ముగియరాదు.

చలనచిత్రము చేయు పనియు నొకటి యున్నది. ఇచ్చట చాలినన్ని హార్బరు సదుపాయములు లేక, మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు గుజరాతు తీరమునకు వలసపోయి అచ్చటి పడవలలో వేటాడుట మనమెఱిగినదే. 2018 నవంబరులో అట్లు పోయినవారు ఇరువదిమందికి పైగా సముద్రముమీద పాకిస్తానువారికి చిక్కి కరాచీ చెఱసాలలో నుండిరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలై వచ్చిరి. ఆ పదునాలుగు నెలలు ఆ యిండ్ల స్త్రీలకు పత్రికలోని రెండు పంక్తుల విలువ ఎంతయో మనమూహింపవచ్చును. 2025 ఫిబ్రవరిలో “తండేల్” అను చలనచిత్రము ఆ వృత్తాంతము నాధారముగా చేసికొని వచ్చినది. తండేలు యనగా పడవవారికి నాయకుడు. పడవవారి మాట తెలుగువారందఱి నోట పడినది. చూచినవారు కన్నీరు పెట్టుకొనిరి, మంచిదే. అయితే చలనచిత్రము మూడుగంటలలో ముగియును, వలస ముగియదు. కన్నీరు తుడుచుకొని, “వీరు తమ ఊరి తీరమున ఏల వేటాడలేకున్నారు?” అని అడిగినచో ఆ చిత్రమునకు సార్థకత కలుగును.

మాధ్యమములలో మిక్కిలి పెద్ద దోషము మఱపని మా తలంపు. తుఫాను తీరము దాటు రాత్రి ఎందరో వచ్చి, గొడుగులు ఎగిరిపోవుచుండగా, వానలో నిలిచి మాటలాడుదురు. నాలుగవ నాడు వారు కనబడరు. తిత్లీలో కూలిన కొబ్బరిచెట్టునకు బదులు నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్లన్నియు ఆ తోట యజమానురాలు ఏమి వండి పెట్టినదో చూపుటకు ఏ కెమెరాయు రాదు. ఇది వారి తప్పని నిందించి ఊరకుండుటకంటె మనము చేయదగిన పని యొకటి గలదు: వ్రాయుట. పత్రికలలో పాఠకుల లేఖల పుట యున్నది, జిల్లా అనుబంధములున్నవి, ఆకాశవాణికి శ్రోతల ఉత్తరములున్నవి. ఊరి చెరువు గట్టు తెగి ఆఱునెలలైనను పూడ్చలేదనియు, ఆశ్రయ భవనమున స్త్రీలకు మరుగుదొడ్డికి తలుపు లేదనియు ఒక్క ఉత్తరము వ్రాయుట కవిత్వము గాదు. కాని కవిత్వముకంటె త్వరగా పనిచేయును. ఆశ్రయ భవనములో తలుపు లేని సంగతి మగవారు గమనింపరు. అది వార్త కావలెనన్న స్త్రీయే వ్రాయవలెను.

సోదరీమణులారా! ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ, మూడును ఆశ్వయుజ మాసమున వచ్చినవి. దివిసీమ ఉప్పెన కార్తికమున వచ్చినది. ఈ రెండు మాసములు మనకు నోములకే గాక తుఫానులకును కాలములు. బొమ్మల కొలువునకు మెట్లు సవరించుకొనునప్పుడే రేడియోకు బ్యాటరీలు కొని యుంచుడు. మబ్బు కమ్మినప్పుడు ఫోనును ఆటలకు వాడక, నిండుగా ఛార్జి చేసి దాచుడు. రాష్ట్ర విపత్తుల కేంద్రమునకు 1070, అత్యవసర సహాయమునకు 112 అను సంఖ్యలను గోడమీద పిల్లలకు కనబడునట్లు వ్రాయుడు. ఫోనులో దాచిన సంఖ్య ఫోనుతోనే పోవును. వచ్చిన సందేశమునందు తేదీ, ఊరు, చెప్పినవారి పేరు ఉన్నవో లేవో చూడుడు. లేనిచో దానిని మీ యొద్దనే ఆపుడు. మాట ఆగిపోయినచో, ఎటునుండియు కబురు రానిచో, పదునొకండవ సంఖ్యను తలచుకొని, అంతా బాగున్నదని గాక ప్రమాదము కలదని యెంచి మెరకకు పొండు.

ఇది చదువుచున్న మీకు అక్షరము తెలియును. మీ వీథిలో తెలియనివారు ఇద్దఱు ముగ్గురైనను ఉందురు. వినబడని వృద్ధురాలు, భర్త వేటకు పోగా పసిబిడ్డతో నున్న చిన్నది, నిన్నమొన్న కాపురమునకు వచ్చిన కోడలు. రేడియో చెప్పిన మాటను వారి గడపకు పోయి, వారికి తెలియు మాటలలో, పూర్తిగా చెప్పి రండు. దేశమునందలి వార్తాసంస్థలన్నియు కలిసియు చేయలేని ఆ కడపటి పది గజముల ప్రయాణము మన పాదములకు మిగిలియున్నది.